లేని పిల్లి ఊపిరి

"అంకుల్, నేను ఇప్పటికి రెండు పిల్లుల్ని చంపేశాను" అంది సింధు. ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళమ్మాయి, పశువైద్యం చదువుతోంది. చంపింది యంత్రంలోని పిల్లుల్ని. మూత్రాశయం నిండిన పిల్లి పొట్టని ఎంత బలంతో తడిమి చూడాలో నేర్పే యంత్రం అది. ఎక్కువ నొక్కితే మూత్రాశయం పగిలినట్టే. శుక్రవారం ఆఖరి అవకాశం. అదీ పోతే ఈ టర్మ్‌లో నిజం పిల్లిని ముట్టుకోనివ్వరు. కాలేజీ వాళ్ళ అనుమతి తీసుకుని, చూడ్డానికి నేనూ బయల్దేరాను.

ఆ ఉదయం ఎనిమిదింటికి హైవే ఎక్కి, తొమ్మిదిన్నరకి కాలేజీ చేరాం. పార్కింగ్ పన్నెండు డాలర్లు. ల్యాబ్‌కి కిటికీలు లేవు. విద్యార్థులు ఖాళీ బల్లల ముందు కూర్చుని గాలిలో దేన్నో తడుముతున్నారు. ఒక బల్ల దగ్గర నేనూ వేలు పెట్టాను. దర్జీ వేలికి పెట్టుకునే తొడుగు లాంటిది, దాని వెనక చిన్న మోటారు చెయ్యి. కంటికి ఏమీ లేదు. వేలి కింద మాత్రం మెత్తటి పొట్ట లేస్తూ, దిగుతూ ఉంది.

"పరీక్షకి ముందు ఒకసారి ఎలెన్ చెయ్యి పెడతాను" అన్నారు టీచర్ మార్తా సింధుతో. ఎలెన్ అక్కడ చాలాకాలం పాఠం చెప్పిన డాక్టర్. ఆవిడ వేలి కదలికని యంత్రం రికార్డు చేసుకుంది. తొడుగులో వేలు పెడితే అది మన వేలిని నడిపిస్తుంది.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?" అడిగాను.

"పోయిన చలికాలం చనిపోయింది."

సింధు వేలు దానంతట అదే కిందికి వెళ్ళింది. పక్కకి జరిగింది. ఆగింది.

"స్టక్ అయిందా?" అన్నాను.

"లేదంకుల్. వెయిట్ చేస్తోంది. పిల్లి ఊపిరి వదిలేదాకా." గొంతు తగ్గించింది. "నేను అది ఊపిరి తీసుకునేటప్పుడే నొక్కేస్తున్నా. పొట్ట టైట్‌గా ఉంటే ఇంకా ఫోర్స్ పెడుతున్నా."

తర్వాత జరిగిన పరీక్షలో, ఈసారి యంత్రంలో పిల్లి బతికింది. మధ్యాహ్నం నిజం పిల్లిని తెచ్చారు. సింధు వేళ్ళు దాని పొట్ట మీద వాలి, ఆగాయి. పిల్లి ఊపిరి వదిలింది. అప్పుడు నొక్కింది. పిల్లి కదల్లేదు. "అది ఎలెన్" అన్నారు మార్తా, ఎవరితోనూ కాదు.

నేను దయ్యాల్ని నమ్మను. యంత్రం దాచుకున్నది బలం, దిశ, సమయం. అంతకంటే ఏమీ లేదు. తిరుగుదారిలో సింధు పక్క సీట్లో నిద్రపోయింది. ఒళ్ళో ఆమె చూపుడువేలు కాస్త వంగి, ఆగింది. ఊపిరి వదిలాక మళ్ళీ కదిలింది. నేను రేడియో పెట్టాను.

ఆ ల్యాబ్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: రికార్డింగ్ నడుస్తుండగా వేలు తీయకండి. అక్కణ్ణుంచి బయల్దేరే ముందు నేను ఎలెన్‌ది ప్రయత్నించి, మధ్యలో లాగేసుకున్నాను. ఖాళీ తొడుగు తడుముతూ, ఆగుతూ, చివరిదాకా వెళ్ళింది.