పొట్టి డైలో పొడుగు తూటాలు

ఆ రోజుల్లో వాడి పారేయడమంటే మాకు తెలియదు. చెప్పు తెగితే కుట్టించేవాళ్ళం, బిందె కారితే మాటు వేయించేవాళ్ళం, కాల్చేసిన తూటాను కూడా మళ్ళీ నింపించేవాళ్ళం. (ఈ చివరిది లైసెన్సు ఉన్నవాళ్ళే లెండి.) అలా నింపే తుపాకుల అంగడి ఒకటి చిత్తూరులో ఉండేది. బియ్యస్సీ పాసైన గర్వంతో ఐరాల నుంచి బస్సెక్కి వచ్చి నేను చేరిన మొదటి ఉద్యోగం అందులోనే. యజమానిని ఊరంతా భాయ్ అనేది. లోపలి గదిలో ఆయనకు ప్రాణంలాంటి లివరు మిషను ఒకటుండేది. దాని పైభాగాన మరతో బిగించే ఉక్కు గొట్టమే డై. లివరు నొక్కితే కింది నుంచి తూటా వెళ్ళి అందులో దూరుతుంది, ఇత్తడి అంచు ముడుచుకుని గుండును గట్టిగా పట్టుకుంటుంది. చేరిన రోజే భాయ్ వేలు చూపించి చెప్పారు: "సూడబ్బయ్యా, పొట్టి తూటాకి డై దించల్ల, పొడుగుదానికి ఎత్తల్ల. మరిసినావంటే తుపాకి ముందుకి గాదు, ఎనక్కి పేల్తాది."

ఒక శుక్రవారం భాయ్ నమాజుకు వెళ్ళారు. నేను పొట్టివి ఓ యాభై ముగించి, అదే ఊపులో పెద్దాసుపత్రి డాక్టరుగారి రివాల్వరుకు కావలసిన పొడుగు తూటాలు రెండు డజన్లు మొదలుపెట్టాను. లివరు చివర్లో మొండికేసింది. నూనె వేశాను. అయినా దిగలేదు. నా బరువంతా వేసి వేలాడాను, దిగింది. (బుర్ర మొండికేస్తే వేయడానికి నూనె లేదు గదా.) అంతలో డాక్టరుగారే వచ్చి, "అయినాయా అప్పా? నేరుగా కాల్చే మైదానానికే పోతాండా" అంటూ డబ్బా తీసుకుని కారెక్కారు.

భాయ్ తిరిగొచ్చి డై మీద చెయ్యి వేశారు. "ఇది పొట్టిదానికే ఉండాది. డాక్టరువి ఎట్ల జేసినావు?"

డై ఎత్తలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. "ఎత్తి జేసి, మళ్ళా దించి పెట్టినా భాయ్" అని అబద్ధం ఆడేసి, టీ తాగొస్తానని బయటపడి, ఆయన సైకిలే ఎక్కి తొక్కాను. మైదానం నాలుగు మైళ్ళ దూరం. దారి పొడుగునా ఎక్కడ టప్‌మన్నా గుండె ఆగింది. ఒకచోట అది లారీ టైరు, ఇంకోచోట ఎవరో దులుపుతున్న పరుపు. కళ్ళ ముందు జైలు వాకిట్లో సద్ది మూటతో నిలబడ్డ మా నాయన కనిపించాడు. రైలు గేటు దాటాక డాక్టరుగారి కుడిచెయ్యి కనిపించింది. మా చిన్నమ్మ కడుపు కోసి తల్లినీ బిడ్డనూ బతికించిన చెయ్యి అది.

కొండ కింద మైదానానికి చేరేసరికి ఆయన గురి పలకకు ఎదురుగా తల వంచుకుని రివాల్వరుతో ఏదో చేస్తున్నారు. సైకిలు వదిలేసి, "కాల్చొద్దు సార్, కాల్చొద్దు!" అని అరుస్తూ పరిగెత్తి, సరిగ్గా ఆయనకూ గురి పలకకూ మధ్యకు వెళ్ళి చేతులు చాచి నిలబడ్డాను. (ఆ మైదానంలో మనిషి నిలబడకూడని చోటు అదొక్కటే.)

"నీకేమన్నా పిచ్చా? ఇవతలికి రా!" అని ఆయన కేకేశారు. వెళ్ళి, డై ఎత్తడం మరిచిపోయానని చెప్పేశాను.

ఆయన ఒక తూటా నా అరచేతిలో పెట్టారు. నడుము దగ్గర ఉబ్బి, చిన్న బొజ్జ వచ్చి ఉంది. "ఇది కాల్చేదేంది అప్పా? అరగంట నించి తోస్తాండా, ఒగటీ లోపలికే పోలేదు" అన్నారు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఆయన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చి, చిన్నగా అడిగారు: "నిజం జెప్పు. నా పానం పోతాదని వచ్చినావా, నీ ఉద్యోగం పోతాదని వచ్చినావా?"

"మీ పానం కోసమే సార్" అన్నాను.

ఉద్యోగం పోలేదు. నిజం ఒప్పుకున్నాక భాయ్ మాత్రం ఆ రెండు డజన్లనూ ఒక్కొక్కటిగా నాతోనే విప్పించారు. డాక్టరుగారికి చెప్పిన జవాబును ఇన్నేళ్ళ తర్వాత సరిదిద్దుకుంటున్నాను. రైలు గేటు వరకూ నా కోసమే తొక్కాను సార్, అక్కడి నుంచే మీ కోసం. సగం దారిలో మంచివాడైన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.