టైటిల్ పాట పద్మప్రియ

టీవీ సీరియల్‌కు ముందు వచ్చే పాట తాను పాడిందేనని పద్మప్రియ కామారెడ్డిలో చెప్పని మనిషి లేడు. కూరగాయల బండి దగ్గర కూడా, ఎవరూ అడక్కుండానే, పల్లవి ఎత్తుకునేది. కూరగాయలామె కొత్తిమీర ఊరికే ఇచ్చి పంపేది. అది మెప్పో, వదిలించుకోవడమో తేల్చుకోకుండానే పద్మప్రియ సంచిలో వేసుకునేది.

పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్పుకుని బతికే మనిషి ఆమె. హైదరాబాదు స్టూడియోలో సంగీత దర్శకుడు, “శాస్త్రీయం ఉండాలి మేడం, కానీ శాస్త్రీయంలా ఉండొద్దు” అన్నాడు. వెనక గిటారు, డ్రమ్ములు. ముందు ఈమె ఆలాపన. చివర ఇంగ్లీషు గాయనులు అద్దాలు పగిలేలా ఎక్కే పైస్థాయి. అన్నిటికీ ఒప్పుకుంది. ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే తల్లి సాలవ్వ ఆమె కచేరీకి ఒక్కదానికీ రాలేదు, “నాకు సమజ్ కాదు బిడ్డా” అని. టీవీ పాటైతే వింటుంది గదా! పద్మప్రియకు కావలసింది అంతే.

సీరియల్ మొదలైన రోజే ఎల్లారెడ్డి వెళ్లింది. తల్లి ఇంట్లో, ఒళ్లో బీడీల చాటలతో ఆడవాళ్లు టీవీ ముందు కూర్చున్నారు. పాట మొదలైంది. అందరూ చాటలు పక్కన పెట్టి లేచారు, ఒకరు ఆకు తడపడానికి, ఒకరు నీళ్లు పట్టడానికి. అందరికంటే ముందు సాలవ్వ.

“అవ్వా, యాడికి? పాడేది నేనే!”

“ఎరుకనే బిడ్డా. కథ సురువైతే పిలువు.”

పైస్థాయి వచ్చేసరికి గడపలోని కోడి కూడా బయటికి నడిచింది. “మా ఊళ్లో నా పాటకు అందరూ లేచి నిలబడ్డరు” అని స్టూడియో వాళ్లకు ఫోన్ చేసి చెప్పింది పద్మప్రియ. అబద్ధమేమీ కాదు.

పోయినేడు, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, సాలవ్వకు తుంటి విరిగింది. ఇక మంచం దిగలేదు. తల్లి నడుము పడిపోతేగాని శ్రోత దొరకని గాయని ఎక్కడైనా ఉంటుందా అని తనను తాను తిట్టుకుంటూనే, సీరియల్ వేళకు పద్మప్రియ సౌండు పెంచింది.

సాలవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

“గంత పైకి వోయినవు. గొంతు నొయ్యలేదా?”

మెచ్చుకున్నవాళ్లున్నారు గాని, ఈ మాట ఎవరూ అడగలేదు.

“నొచ్చింది అవ్వా. రెండు దినాలు మాట రాలే.”

మర్నాడు పాట రాగానే, సాలవ్వను చూడటానికి వచ్చిన పక్కింటి గంగాబాయి అలవాటుగా లేవబోయింది.

“కూసో గంగాబాయి,” అన్నది సాలవ్వ. “నా బిడ్డ గొంతు నొస్తుంటే పాడింది. నీకు కూసొని విన వశం కాదా?”

“పొయ్యి మీద అన్నం మాడుతది గదనే!”

“మాడనీ.”