లోవలక్ష్మి బండి

నరసాపురంలో చేపలమ్మే లోవలక్ష్మికి నలభై ఆరేళ్ళు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, తండ్రి తనకిచ్చిపోయిన యాభై ఏళ్ళనాటి మోటార్ సైకిల్ మీద రోజూ ఊళ్ళు తిరుగుతుంది. కిక్ కొట్టేముందు ట్యాంకు మీద అరచెయ్యి ఆనిస్తుంది. ఇంజను అందుకున్నాక తల పక్కకి వంచి కాసేపు వింటుంది. ఆమె గోళ్ళలో చేప పొలుసూ గ్రీజూ ఎప్పుడూ కలిసే ఉంటాయి.

కార్బురేటర్ అరిగిపోయి బండి మూలపడిన నాలుగోనాడు, తమ్ముడు త్రిమూర్తులు పాత ఇనుము కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికే లోవలక్ష్మి వాకిట్లో పీట వేసుకుని, భీమవరంలో వెతికి తెచ్చిన వేరే బండి కార్బురేటర్‌ను బిగిస్తోంది.

“అది దీనికి సరిపోదని మెకానిక్ చెప్పాడు కదక్కా. స్కూటీ కొనుక్కో. ఆడోళ్ళకి అదే తేలిక.”

“తేలికైంది కావాలని నేనడిగానేంట్రా?”

ఆమె తలెత్తలేదు. పోగులు లేచిన పాత యాక్సిలరేటర్ కేబుల్ తీసేసి కొత్తది తొడిగింది. ఏడో కిక్కుకి ఇంజను అందుకుంది గానీ, హ్యాండిల్ పక్కకి తిప్పగానే గొంతు చించుకున్నట్టు అరిచింది.

“చూశావా?” అన్నాడు త్రిమూర్తులు.

ఆమె బండి ఆపి, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా బిగుసుకుంటున్న కొత్త కేబుల్‌ను కాస్త వదులు చేసి మళ్ళీ కిక్ కొట్టింది. ఈసారి హ్యాండిల్ ఎటు తిప్పినా ఇంజను చప్పుడు మారలేదు.

“నేనొస్తానండి” అని ఇనుము కొనేవాడు ఆమెకే చెప్పి వెళ్ళాడు.

లోవలక్ష్మి పొద్దున రేవులో కొన్న చేపల పెట్టెను వెనక కట్టుకుని బండెక్కింది. త్రిమూర్తులు ఇంకా గేటుకి అడ్డంగానే నిలబడి ఉన్నాడు.

“తప్పుకోరా. ఐసు కరిగిపోతోంది.”

అతను తప్పుకున్నాడు.