ఇంటిపేరు పక్కన ఫ్లవర్ బ్రాకెట్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ రేపల్లె అంతా చెప్పేది. నిజమే, కాదనను. బాపట్లలో కంప్యూటర్ కోర్సు చదివేటప్పుడు ఆ కోపం ఒక కాగితం ముక్క దగ్గర బాగా పనికొచ్చింది.

తొంభైల చివరి రోజులవి. ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా నాకూ, నా జంట అమ్మాయికీ కాలేజీ విద్యార్థుల వివరాలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ చెయ్యమన్నారు. డయాగ్రమ్ నా వంతు, కోడ్ ఆమె వంతు. క్లాస్ డయాగ్రమ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. 'విద్యార్థి' అని ఒక డబ్బా గీసి, అందులో పేరు, ఇంటిపేరు, మార్కులు అని వరసగా రాయడమే. ఏ వివరానికి ఏ హద్దు ఉందో దాని పక్కనే ఫ్లవర్ బ్రాకెట్లలో రాస్తారు. మార్కుల పక్కన సున్నా నుంచి వంద అని రాశాను. ఇంటిపేరు పక్కన 'ఫ్రోజెన్' అని రాశాను. అంటే ఒకసారి ఎక్కించాక ఇక మార్చడానికి లేదని.

మా గైడు సారు మంచాయన. పరీక్షల ముందు ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి మరీ పాఠం చెప్పేవారు. అయినా ఆ కాగితం చూసి మొహం చిట్లించారు.

"ఏంటమ్మా ఈ బ్రాకెట్లు, చీమలు పాకినట్టు? డబ్బాలు శుభ్రంగా కనపడాలి. అవన్నీ దాచేసి ప్రింటు తియ్యి. అయినా ఆడపిల్ల ఇంటిపేరు మారదని ఎట్లా రాశావు? రేపు నీ పెళ్ళయితే మారదూ?"

"సర్టిఫికెట్ మీద మారదండి," అన్నాను.

"వాదించకమ్మా. ఇట్లాగైతే నేను సంతకం పెట్టను."

ఆయన సంతకం లేనిదే వైవాకి పిలవరు. వైవా కాకపోతే డిగ్రీ లేదు. ఆ పై నెలలోనే నా పెళ్ళి. పెళ్ళయ్యాక మళ్ళీ బాపట్ల పంపించి ఎవరో చదివిస్తారన్న భ్రమ నాకేం లేదు.

నా పట్టుదలకి కారణం మా అక్క. ఎనభైల్లో అక్క బాపట్లలోనే టీచర్ ట్రైనింగు పాసైంది. మా ఇంట్లో మొదటి ఉద్యోగం దానిదే అవుతుందని నాన్న చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు. ఉద్యోగం వచ్చేలోగానే తెనాలి సంబంధం కుదిరి పెళ్ళయింది. ఉద్యోగం కోసం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేసుకున్న కార్డును రెన్యువల్ చేయించడానికి వెళితే, అక్కడి గుమాస్తా "పెళ్ళయిందిగా అమ్మా" అని, అడగకుండానే పాత ఇంటిపేరు కొట్టేసి బావ ఇంటిపేరు రాశాడు. అక్క సంతోషంగానే ఇంటికి తెచ్చుకుంది. తీరా ఇంటర్వ్యూలో కార్డు మీద ఒక మనిషి, సర్టిఫికెట్ల మీద ఇంకో మనిషి ఉన్నారన్నారు. రుజువులు పట్టుకెళ్ళేసరికి పోస్టు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. అక్క మళ్ళీ అప్లై చెయ్యలేదు. వీధిలో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయింది. ఆ గుమాస్తా అంటే నాకిప్పటికీ మంటే.

డయాగ్రమ్ ప్రింటు తియ్యాలంటే రైలెక్కి తెనాలి పోవాలి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అక్కడి కంప్యూటర్ సెంటర్లోనే ఉండేది. సంతకం భయంతో, హద్దులు చూపించాలా అని అడిగే చోట టిక్కు తీసేశాను. ఒక్క నొక్కుకి బ్రాకెట్లన్నీ మాయమయ్యాయి. ఆ శుభ్రమైన కాగితం చూసే నా జంట అమ్మాయి కోడ్ రాసింది. ఆమె తప్పేముంది, కాగితంలో లేనిది ఆమెకెట్లా తెలుస్తుంది? నడిపి చూస్తే ఎవరి ఇంటిపేరునైనా ఎవరైనా మార్చేసేలా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక సంతకం సంగతి తర్వాత అనుకున్నాను.

మర్నాడు సారుని ల్యాబ్‌కి పిలిచాను. ఆయన చూస్తుండగానే నా వివరాలు తెరిచి, నా ఇంటిపేరు చెరిపేసి, కాబోయే ఆయన ఇంటిపేరు కొట్టాను. మార్కుల జాబితా ప్రింటు తీసి చేతికిచ్చాను.

"ఈ పేరుగల అమ్మాయి మన కాలేజీలో చదివిందాండి?"

సారు కాగితం చూశారు. "లేదు," అన్నారు.

"మరి ఈ మార్కులు ఎవరివండి? నావి ఎటు పోయాయండి?"

ఆయన కాగితం బల్ల మీద పెట్టేశారు. "సరే, ఆ హద్దేదో కోడ్‌లో పెట్టించు. బొమ్మలో ఎందుకు?"

"బొమ్మలో లేకే కోడ్‌లోకి రాలేదండి. పెళ్ళి తర్వాతి పేరు కావాలంటే ఇంకో గడిలో రాసుకోవచ్చు. ఇది మాత్రం చెరపకూడదండి."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మొండిఘటానివి. బ్రాకెట్లు ఉంచు, సంతకం పెడతాను," అన్నారు.

మళ్ళీ తెనాలి వెళ్ళి, టిక్కు పెట్టి ప్రింటు తీసి, ఆ కాగితంతోనే అక్క ఇంటికెళ్ళాను. అక్క ట్యూషన్ పిల్లల్ని పంపించేసి దాన్ని తీసుకుని చూసింది.

"ఇదేంటే, ఇంటిపేరు పక్కన ఏదో రాశావు?"

"ఒకసారి రాసిందాన్ని ఇంకెవరూ మార్చకూడదని, అక్కా. చూసేవాళ్ళందరికీ తెలియాలని పక్కనే రాస్తాం."

అక్క కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నా కార్డు మీద ఇట్లాంటిదొకటి ఉంటే బాగుండేదే," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

వైవా పాసయ్యాను. అనుకున్న రోజుకే రేపల్లె చర్చిలో నా పెళ్ళి జరిగింది. రిజిస్టరు తెరిచి, "కొత్త ఇంటిపేరుతో పెడతావా అమ్మా?" అని పాస్టరు అయ్యగారు నవ్వారు.

"లేదండి, పాతదే," అని సంతకం పెట్టేశాను. పెళ్ళికొడుక్కి ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించాను.

తర్వాత సాక్షులుగా అక్కనీ బావనీ పిలిచారు. పెన్ను ముందు అక్క తీసుకుంది. పెళ్ళయిన నాటి నుంచీ బావ ఇంటిపేరే రాసుకుంటూ వచ్చిన మా అక్క, ఒక్కో అక్షరం నిదానంగా దిద్దుతూ మా నాన్న ఇంటిపేరుతో సంతకం పెట్టి, పెన్ను బావ చేతికిచ్చింది.