కట్టయ్య తాత కరెంటు పెట్ట

ఈ భూమ్మీద పుట్టిన మనుషుల్లో పొరపాటు అనేది చేయని మనిషి మా తాత కట్టయ్య ఒక్కడే. పొరపాట్లు జరగలేదని కాదు. ఖిలా వరంగల్‌లో మా వాడ మొత్తానికి కలిపి ఎన్ని జరిగాయో, ఆయన ఒక్కడికే అంతకు నాలుగు ఎక్కువ జరిగాయి. కానీ ఏం జరిగినా సరే, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "నేను కావాలనే చేసిన" అనేవాడు. ఆ మాట తర్వాత ఎవరైనా ఎలా తిడతారు?

ఒకసారి సైకిల్‌తో సహా మోరీలో పడ్డాడు. నడుం దాకా నల్లనీళ్ళు. పిండి గిర్ని పోశయ్య గిర్ని ఆపకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో కట్టన్నా, పడ్డవా?"

"పడుడేందిరా? మోరి ఎంత లోతున్నదో చూద్దామని కావాలనే దిగిన."

"సైకిల్‌తోనా?"

"మరి సైకిల్‌ను ఒక్కదాన్నే రోడ్డు మీద ఇడిసిపెడితే ఎవడన్న ఎత్కపోడా?"

ఇంకోసారి మిర్చి ధర కనుక్కురమ్మని కేసముద్రం మార్కెట్‌కు పంపితే, రైల్లో నిద్రపోయి డోర్నకల్‌లో తేలాడు. తిరిగొచ్చి, "రైలు ఎంత దూరం పోతదో చూసిన. మంచిగనే పోతాంది" అని రైల్వేవాళ్ళకు మార్కులు వేసినట్టు చెప్పాడు.

మా నాయనమ్మ సమ్మమ్మ ఒకనాడు విసిగిపోయి అడిగేసింది. "ఇంతకూ నన్ను పెండ్లి చేసుకున్నది కావాలనేనా, పొరపాటునా?"

తాత చాలాసేపు ఆలోచించాడు. "అది మీ నాయన కావాలని చేసిండు" అన్నాడు.

వాడకు కరెంటు వచ్చిన కొత్తల్లో తాత ఊక బస్తాలు వేసుకుని సర్కారు కోళ్ళ ఫారానికి వెళ్ళాడు. అక్కడ బీరువాలాంటి యంత్రంలోంచి అరల నిండా కోడిపిల్లలు రావడం చూశాడు. బస్తాల పైసలు తీసుకోవడం కూడా మరిచి, బండి తోలుకుంటూ ఇంటికొచ్చి వాకిట్లోంచే కేకేశాడు.

"సమ్మీ! పెట్ట లేకుండ పిల్లలయితాన్రే!"

"సిగ్గులేదా ముసలోడా! మనుమరాలి ముందట గవేం మాటలు!"

ఆ మాటకు అర్థమేమిటో నాయనమ్మకు తెలిసేలోపే ఆమె పెళ్ళినాటి చెక్క సందుగ ఖాళీ అయిపోయింది. అందులోని చీరలన్నీ దండెం మీద వేలాడుతున్నాయి. సందుగ లోపల చుట్టూ అట్టలు నిలబెట్టి, సందుల్లో ఊక దట్టించాడు. రెండు బల్బులు వేలాడదీశాడు. గాలికి బెజ్జాలు కొట్టాడు. తేమ కోసం ఒక పళ్ళెంలో నీళ్ళు పెట్టాడు. మూతకు అద్దం ముక్క బిగించాడు. మా ఇంట్లో జుట్టు దువ్వుకోవడానికి ఉన్న అద్దం అదొక్కటే కావడంతో, గీకి రంగు తీసేసిన దాంట్లో మొహం చూసుకోలేక మేమంతా నెలరోజులు అడ్డదిడ్డం పాపిళ్ళతో తిరిగాం.

వేడి చూడ్డానికి దవాఖాన కంపౌండర్‌ను బతిమాలి జ్వరం కడ్డీ తెచ్చాడు. గుడ్డుకు నూరు డిగ్రీల జ్వరం ఉంటేనే పిల్ల అవుతుందట. ఇంట్లో ఎవరికి ఒళ్ళు కాలినా కడ్డీ అడిగితే, "జర ఆగు. ముందు గుడ్లకు చూడనియ్" అనేవాడు. గుడ్లకు జ్వరం తగ్గితే కంగారు, మాకు పెరిగితే కషాయం.

ప్రతి గుడ్డుకూ ఒక పక్క బొగ్గుతో గీత. పూటపూటకూ దాన్ని అటు ఇటు తిప్పాలి. తాత చేతులు కడుక్కుని, దేవుడి గూటి ముందు నిలబడ్డట్టు నిలబడి తిప్పేవాడు. వాడంతా దానికి కరెంటు పెట్ట అని పేరు పెట్టింది.

నాయనమ్మకు మాత్రం ఒక్కటే భయం, ఉరుములు. ఉరిమితే పొదుగుడు గుడ్లు మురిగిపోతాయని, గంపలో ఇనుపముక్క, బొగ్గుముక్క వేయడం ఆమె తల్లిగారింటి అలవాటు. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. తాత చాయ్‌కి వెళ్ళాడు. నాయనమ్మ మెల్లగా మూతెత్తి, విరిగిన కొడవలి ముక్కను సందుగలోకి జారవిడిచింది. అది పోయి పోయి వైరు అతుకు మీద పడింది.

టప్‌మని పెద్ద చప్పుడు. మా ఇంటి బల్బులు పోయాయి. వీధి చివర చాయ్ హోటల్లో రేడియో ఆగింది. పిండి గిర్ని గుర్రుమని మూలిగి ఆగిపోయింది. అరనిమిషంలో నెత్తి నుంచి పాదాల దాకా జొన్నపిండితో తెల్లగా పోశయ్య వాకిట్లో నిలబడ్డాడు.

"ఎవరు చేసిండ్రిది? ఎవరు?"

అప్పటికే తాత లోపలికి ఉరికొచ్చి, కొడవలి ముక్కను తువ్వాలలో చుట్టేశాడు. నాయనమ్మ దండెం మీది చీరలు లెక్కబెడుతున్నట్టు అటు తిరిగి నిలబడింది.

"నేనే. కావాలనే తీసిన" అన్నాడు తాత. "పెట్ట గూడ దినానికొక్కపారి మేతకు లేస్తది కాదుర? గుడ్లు జర సల్లబడాలె."

"నీ గుడ్లు సల్లబడుటానికి నా గిర్ని ఎందుకాగాలె?"

"అది గూడ పొద్దటినుంచి తిరుగుతాంది కదరా పోశీ. జర సల్లబడనియ్."

పోశయ్య తిట్టుకుంటూ ఫ్యూజు వేయించడానికి పోయాడు. తిట్టినప్పుడల్లా ఆయన మీసంలోంచి పిండి రాలింది.

గుడ్లు సందుగలో పెట్టిన మూడు వారాలకు మొదటి గుడ్డు మీద సన్నని పగులు కనిపించింది. తాత అద్దానికి ముక్కు ఆనించి అరిచిన అరుపుకు కుక్కలు కూడా వచ్చాయి. వాడ వాడంతా మా ఇంట్లోనే. ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు.

"ముక్కు! ముక్కు కనవడ్డది!"

"ఏదీ, ఏదీ? జరుగరాదు!"

"అగో, తన్నుతాంది! తన్ను బిడ్డా, తన్ను!"

తడిసి ముద్దయిన పిల్ల ఒకటి పెంకును నెట్టుకుని బయటపడి, వాడనంతా ఒకసారి చూసి కీచుమంది. పొద్దు గూకేసరికి సందుగ నిండా పసుపు బంతులు.

వాటికి పెట్ట ఎట్లుంటుందో తెలియదు. కళ్ళు తెరిచి చూసింది తాత కాలి బొటనవేలినే. అంచేత అదే వాటికి తల్లి. తాత చాయ్‌కి పోతే వెనకాల వరుసగా అవీ పోయేవి. కూర్చుంటే అంగీ మడతల్లో దూరేవి. మేత ఎలా ఏరుకోవాలో చూపడానికి ఆయన నేల మీద గొంతుక్కూర్చుని చూపుడువేలితో టకటక పొడిచేవాడు. గద్ద కనబడితే తువ్వాలను రెక్కల్లా చాచి వాటి మీద వంగిపోయేవాడు. గద్ద భయపడిందో లేదో గానీ, మా ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం భయపడ్డారు.

ఆ ఎండాకాలం చివర కోళ్ళకు రోగం తగిలింది. మా పెట్టలు ఎట్లో గట్టెక్కాయి గానీ, పక్కింటి హుసేన్‌బీ కోళ్ళు ఒక్కటి మిగలకుండా పోయాయి. కోళ్ళూ గుడ్లూ అమ్మితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. చివరికి నల్లపెట్ట పెట్టిన గుడ్లు పన్నెండు మిగిలాయి.

"కట్టన్నా, నా కోళ్ళ ఖాన్‌దాన్ మొత్తం గా పన్నెండు గుడ్లల్లనే ఉన్నది" అంది హుసేన్‌బీ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "కోడలితో పంపిస్త. నీ దయ."

"ఫికర్ జేయకు చెల్లె. నా సందుగల పెట్టినంక పిల్లలై ఉరుకుతయ్."

కోడలు షహనాజ్ హైదరాబాదు పిల్ల. పెళ్ళై వచ్చి మూడు నెలలు కాలేదు. గుడ్లంటే కిరాణా కొట్లో దొరికే వస్తువనే ఆమెకు తెలుసు. పళ్ళెంలో గుడ్డ పరిచి గుడ్లు తెచ్చిచ్చింది. ముత్యాల్లా మెరుస్తున్నాయి. తాత మురిసిపోయి సందుగలో మంచి చోటు వాటికే ఇచ్చాడు.

వారం గడిచాక, లోపల పిల్ల పడిందో లేదో తెలియడానికి గుడ్లకు దీపం చూపించాలి. తాత కిటికీలు మూసి, పాలడబ్బాకు బెజ్జం చేసి, లోపల బల్బు పెట్టి, ఒక్కో గుడ్డును ఆ బెజ్జానికి ఆనించాడు. మా గుడ్లలో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు, మధ్యలో గిలగిల్లాడే చుక్క. హుసేన్‌బీ గుడ్లలో ఏమీ లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు. తాత ఒకటి పగలగొట్టాడు. తెల్లసొన పెంకుకు గట్టిగా అతుక్కుపోయి ఉంది. మన ఇళ్ళల్లో సగం ఉడికించిన గుడ్డులా.

రోజూ గుడ్లను చూసిపోవడానికి వచ్చే షహనాజ్ అప్పుడు గుమ్మంలోనే ఉంది. ఆమె మొహం ఆ తెల్లసొన కంటే తెల్లబడింది.

"మామూ, నేను వాటిని కడిగిన."

"దేంతోని బిడ్డా?"

"వేణ్ణీళ్ళతోని. సోడా వేసి. పెంట అంటుకోని ఉండె. మీ ఇంటికి గట్ల ఎట్ల తేవాలె అని నానబెట్టిన."

"ఎంతసేపు?"

"అన్నం ఉడికిందాక."

తాత గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. షహనాజ్ వెక్కి వెక్కి ఏడ్చింది. "రొట్టె మాడితేనే అత్తమ్మ నన్ను హైదరాబాద్ మహారాణి అంటది. ఇగ ఇది తెలిస్తే జిందగీ మొత్తం అంటనే ఉంటది మామూ."

నాయనమ్మ తాత చెవిలో గుసగుసలాడింది. "నీ మాట ఉండనే ఉన్నది గద. కావాలనే చేసిన అనరాదు?"

"నీకు మతి ఉన్నదే? కోళ్ళన్ని పోయి ఏడుస్తున్న మనిషి గుడ్లను కావాలనే ఉడకబెట్టిన అంటే, మనిషినేనా నేను?"

అంతలోనే బయట హుసేన్‌బీ గొంతు. గుడ్లకు దీపం చూపిస్తున్నాడని విని పరుగున వస్తోంది. తమాషా చూద్దామని వెనకాలే పోశయ్య.

"చెప్పు కట్టన్నా! నా పిల్లలు మంచిగున్నయా?"

తాత లేచి నిలబడ్డాడు. తువ్వాల దులిపాడు. భుజాన వేసుకోలేదు. "చెల్లె, నేను కావా..." అని ఆగాడు. "త... త..."

"తలనొప్పా?" అన్నాడు పోశయ్య.

"త..."

"తమలపాకులా?"

"తప్పైంది!" అని అరిచాడు తాత. "పెద్ద బల్బు పెట్టిన. నీ గుడ్లు ఉడికిపోయినయ్ చెల్లె. తప్పు నాదే."

నాయనమ్మ, సంగతి అంతా తెలిసి కూడా, గబగబా వెళ్ళి తాత నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అరవై ఏళ్ళు దాచిపెట్టిన మాట బయటికొస్తే మనిషికి ఏమైనా అవుతుందేమోనని ఆమె భయం.

పోశయ్య రెండు చేతులూ జోడించాడు. "కట్టన్నా, నీ కాళ్ళు మొక్కుత, మల్లొక్కపారి అను. గిర్ని ఆపొస్త. సప్పుడుకు సరిగ ఇనవడలే."

హుసేన్‌బీకి మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఆ కోపం వాడ చివర దాకా వినబడింది. సందుగను తిట్టింది, బల్బును తిట్టింది, ఆ బల్బు పెట్టిన చేతిని తిట్టింది. తాత తల వంచుకుని అన్నీ పడ్డాడు. షహనాజ్ నోరు తెరవబోయింది. తాత నేల మీది గుడ్డుపెంకుల వైపు చూస్తూనే వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"జుర్మాన ఇచ్చుకుంట చెల్లె" అన్నాడు చివరికి. "మా పెట్టల గుడ్లు పన్నెండు తీస్కో. సందుగ నీదే అనుకో."

"తీస్కుంట! కానీ నీ చెయ్యి పడొద్దు. మా కోడలు పదో తరగతి పాసైంది. కడ్డీ చూసుడొస్తది. అదే చూసుకుంటది. నువ్వు గా మూలకు కూసో!"

అలా తాత సొంత ఇంట్లో మూలకు కూర్చున్నాడు. హుసేన్‌బీ గుమ్మంలో కాపలా. షహనాజ్ సందుగ ముందు కడ్డీ పట్టుకుని నిలబడింది. గుడ్లు తిప్పే వేళ దాటితే మూలలోంచి ఒక దగ్గు వినబడేది. పళ్ళెంలో నీళ్ళు తగ్గితే రెండు దగ్గులు. వేడి ఎక్కువైతే ఊపిరాడనంత దగ్గు.

"దగ్గుతోని గుడ్లను బెదిరియ్యకు! దవాఖానకు పో!" అని కసిరేది హుసేన్‌బీ.

రెండు వారాలకు షహనాజ్ మొదటి దగ్గుకే పని అందుకునేది. మూడో వారం తాతకు దగ్గు పని పడలేదు.

పిల్లలయ్యే రోజు వాడంతా మళ్ళీ మా ఇంట్లోనే. పోశయ్య ఈసారి గిర్ని ఆపే వచ్చాడు. గుడ్లు ఒకదాని తర్వాత ఒకటి చిట్లుతుంటే హుసేన్‌బీ దువా చదువుతూనే మధ్యలో "జరుగున్రి, గాలి ఆడనియ్యిన్రి!" అని అరుస్తోంది. ఒక్కటి తప్ప అన్నీ పిల్లలయ్యాయి. వాటిలో నల్లది కూడా ఒకటుంది. హుసేన్‌బీ దాన్ని చెంపకు ఆనించుకుని ఏడ్చింది, నవ్వింది, కోడలికి మెటికలు విరిచి దిష్టి తీసింది.

"చూసిన్రా నా కోడలి చెయ్యి? హైదరాబాద్ పిల్ల! మహారాణి!"

మొన్నటిదాకా తిట్టుగా ఉన్న మాట ఆ పూట నుంచి బిరుదైపోయింది. షహనాజ్ సిగ్గుతో సందుగ వెనక్కి పోయింది. హుసేన్‌బీ తాత వైపు తిరిగింది.

"చూసినవా కట్టన్నా? పొదుగుడంటే గిది. జర చూసి నేర్చుకో."

అందరూ తాత నోటి వైపే చూశారు. ఆయన తువ్వాల దులపబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేర్చుకుంట చెల్లె" అన్నాడు.

"ఫికర్ జేయకు. మా కోడలు నేర్పిస్తది. రేపు పొద్దుగాల్ల రా."

తెల్లారగానే తాత వాళ్ళ వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. షహనాజ్ గుప్పెడు నూకలు ఆయన చేతిలో పోసింది. కోడిపిల్లలు సాకీ సాకీ మోకాళ్ళు అరగదీసుకున్న మా తాత, ఆ నూకలన్నీ తీసుకెళ్ళి నీళ్ళ పళ్ళెంలో పోశాడు.

"అట్ల కాదు మామూ!" అని షహనాజ్ నవ్వు ఆపుకోలేక ఆయన చెయ్యి పట్టుకుని, నేల మీద ఎలా చల్లాలో చూపించింది.

"ఇట్లనా బిడ్డా?" అని తాత ఈసారి తన నెత్తి మీదే చల్లుకున్నాడు.

గుమ్మంలోంచి హుసేన్‌బీ వాడంతా వినబడేలా కేకేసింది. "ముసలోడు జర మొద్దే గని, ఇడిసిపెట్టకు కోడలా! మెల్లగ నేర్పియ్!"