అత్త వేసిన ముడులు

దగ్గరికి జరిగి కూర్చోండి, మా అత్త సంగతి చెబుతాను. ధర్మవరంలో నేను కోడలిగా వచ్చిన ఇంట మగ్గం ఆడే రోజులవి. ఆమెకు నూటికో కోటికో ఒకరికి వచ్చే నెత్తురు జబ్బు. ఎన్ని రోజులు ముక్కున నెత్తురు కారిందో చెబితేనే మందు మారుస్తానన్నాడు డాక్టరు. చదువురాని అత్త, కారిన రోజుకొకటి చొప్పున పట్టుదారానికి ముడి వేసుకునేది.

ఆసుపత్రికి బయలుదేరే పొద్దున మగ్గానికి దారపు కండెలు చుడుతూ, ఆ దారం చిక్కుపడిందనుకుని ముడులన్నీ విప్పేశాను.

"ఏమ్మే, డాక్టరుకు చేతగానిది నువ్వు చేసినావే! నా రోగమంతా ఒక్కపూటలో కుదిర్చినావు" అని అత్త నవ్వింది.

"ఇప్పుడెట్ల అత్తా?" అంటూ ఏడ్చేశాను.

"ఉండు" అని కళ్లు మూసుకుని, దారం నలిగిన చోటల్లా తడిమి పదకొండు ముడులు మళ్లీ వేసింది. డాక్టరు వాటినే లెక్కపెట్టి మందు పెంచాడు.

ఆ నలిగిన చోట్లు నిజంగా వేళ్లకు తగిలాయో, నా ఏడుపు చూడలేక వేసిందో నాకిప్పటికీ అంతుపట్టదు. అడిగితే "బతికే ఉండాను గదే" అనేది.

మీ ఇంట అత్తాకోడళ్లు ఏ రోగమూ లేకుండా, అట్లాగే నవ్వుకుంటూ చల్లగా ఉండాలి.