మంచానికి నాలుగో కోడు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. కట్టె మీద ఇంకా తక్కువ. వికారాబాద్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మంచాలూ బల్లలూ చేస్తుంటాను. పైకి నున్నగా ఉన్న టేకు లోపల ఎన్ని వంకరలు పోతుందో నాకు తెలుసు. అందుకే యాలాల్ దిక్కు నుంచి ఆ ముసలాయన ట్రాలీ ఆటోలో పాత దర్వాజ ముక్కలు తెచ్చి దింపినప్పుడు ముందు కట్టెను చూశాను, తర్వాత ఆయన్ను చూశాను. రెంటి మీదా అనుమానమే కలిగింది.

"మా ముసల్దాని తల్లిగారింటి దర్వాజ. తాండూర్ల కోతమిషిన్ల కోపిచ్చుకొచ్చిన. దీంతోనే మంచం జెయ్యాలె, జర ఎత్తుగ," అన్నాడు.

ఆయన భార్యకు తుంటి విరిగి అతికింది. కింద పడుకుంటే లేవలేదు, ఎత్తు మంచం తప్పదన్నాడు డాక్టరు. ఆమె మాత్రం కొన్న మంచం ఎక్కనంది. పుట్టింటి దర్వాజతో చేస్తేనే పడుకుంటుందట. ఒక్క ముక్క మారినా మళ్లీ చాపేనట. అంటే నేను కట్టె మారుస్తానని ముందే తేల్చేశారన్నమాట. ఒళ్లు మండింది.

మర్నాటి నుంచి ఆయన పొద్దున బస్సుకే వచ్చి, షెడ్డులో బండ మీద గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. కట్టె ఇచ్చినవాళ్లు కాపలా కూర్చోవడం మా దగ్గర మామూలే. నాకే అది ఎన్నడూ మింగుడుపడదు. అన్నానికి రమ్మంటే రాడు, జొన్నరొట్టె అక్కడే విప్పుకుంటాడు. పైగా వచ్చీరాగానే నల్లటిదేదో పిడికిట్లో పట్టుకుని, మంచం కోళ్ల కోసం తెచ్చిన నాలుగు ముక్కల అడుగునా రాస్తాడు.

"ఏం మంత్రమేస్తున్నడో ఏమో," అన్నాను మా ఆవిడతో.

"ఆయన నిన్నేమన్నడు? నిన్ను నువ్వే దొంగను జేసుకుంటున్నవ్," అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం నాకు కొత్త కాదు.

చిత్రిక పట్టి పాత పసుపు మరకలు పోగొట్టాక, ఒక కోడు అడుగు సరిచేద్దామని ఉలి పెట్టాను. ఖంగుమంది. ఉలి మొన విరిగింది. చూస్తే తల తీసేసిన ఇనుప మొల, పైన మైనం పూత. మొల దిగిన చోటు నుంచి ముక్క నిలువునా చీలి ఉంది. చెయ్యి వేస్తే రెండయింది.

"ఎండిన కట్టెకు బొక్క ఎయ్యకుండ మొల కొడ్తరా ఎవరన్న? నా పని చెడగొట్టమని ఎవడు పంపిండు నిన్ను?" అని అరిచాను.

ఆయన మొహం పాలిపోయింది. పిడికిలి తెరిచాడు. పాత స్పీకరులోని అయస్కాంతం. "చిత్రిక పడ్తె పసుపు గుర్తు పోతదని మా ముసల్దే కొట్టింది, నాలుగు కోళ్లకు నాలుగు. మంచం రాంగనె దీంతోటి పరీక్ష జేస్తది. ఇగెట్ల కొడుకా? మారిందని తెలిస్తె ఆమె మంచమెక్కది."

ఆ దర్వాజ కట్టె ఇంక మిగల్లేదు. మా ఇంటి గడప కోసం దాచుకున్న పాత టేకు తీసి నాలుగో కోడు చెక్కాను. "దొంగ మొల మాత్రం నేను కొట్ట. ఉన్న సంగతి ఆమెకు జెప్పుకో," అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

ఆ కోడు పూర్తయిన రోజు నేను అన్నం తింటుంటే షెడ్డులో టక్కుమని చప్పుడైంది. ఎంగిలిచేత్తోనే ఉరికాను.

"ఏందా సప్పుడు?"

"రేకుల మీద కోతి దుంకింది," అన్నాడు.

బయట కోతి లేదు. సుత్తి పెట్టిన చోట లేదు. సాయంత్రం చూసుకుంటే బొక్కలు వేసే సన్న బిట్టు కూడా కనబడలేదు. కట్టె దొంగను నేను కాదు గానీ పనిముట్ల దొంగ ఆయనేనని మా ఆవిడకు తేల్చి చెప్పాను. మంచం అప్పగించాక నిలదీద్దామని ఊరుకున్నాను.

వాళ్లింటి ముందు మంచం దించాం. ముసలమ్మ చేతికర్రతో గోడకానుకుని నిలబడి ఉంది. పలకరింపు లేదు. "తిరగెయ్యి," అంది. కోళ్లు ఆకాశానికి లేచాయి. ముసలాయన చేతిలోని అయస్కాంతం తీసుకుని మొదటి కోడుకు పెట్టింది, అంటుకుంది. రెండోది, మూడోది కూడా అంటుకున్నాయి. ఇరుగుపొరుగు గుమిగూడారు. ఈమె ఇప్పుడు కింద పడుకుంటుంది, నేను తాండూరు దాకా దొంగనవుతాను అనుకున్నాను.

నాలుగో కోడుకూ టక్కున అంటుకుంది.

ఆమె లాగి మళ్లీ పెట్టి చూసింది. "మార్చలే," అంది, నాతో కాదు, గోడతో అన్నట్టు. మంచం నిలబెట్టించి, ఎక్కి, కాళ్లు చాపింది. తలాపున చేతికందిన కోడును మెల్లగా నిమిరింది.

"దీనికే మా అవ్వ పండుగ పండుగకు పసుపు రాస్తుండె," అంది.

అది మా ఇంటి గడప కట్టె. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముసలాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

ఆటో దాకా సాగనంపడానికి వచ్చి, గొంగడి మడతలోంచి సన్న బిట్టు తీసి నా చేతిలో పెట్టాడు. "బొక్క ఎయ్యకుంటె పగులుతదని నువ్వే అంటివి గద."

దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాను, మొన విరగ్గొట్టాడేమోనని. విరగలేదు.